చెన్నై బండా, హైదరాబాద్ బండా? రెండు విశ్వవిద్యాలయాల మధ్య తేల్చుకునే పద్ధతి

నెల్లూరు స్టేషన్‌లో నిలబడి చూస్తే మన పిల్లల సందిగ్ధం పట్టాల మీదే కనిపిస్తుంది. పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్న భోజనానికి చెన్నైలో ఉంటాం. రాత్రి సింహపురి ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి సికింద్రాబాద్. మద్రాసు వెళ్లి చదువుకోవడం మన తాతల నాటి అలవాటు, హైదరాబాద్ వెళ్లడం మన తరం అలవాటు. నెల్లూరుతో పోలిస్తే ఒంగోలు వాళ్లకు హైదరాబాద్ కొంచెం దగ్గర, నెల్లూరు వాళ్లకు చెన్నై బాగా దగ్గర. తేడా అంతే, తికమక మాత్రం ఒక్కటే.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏటా వేసవి చివర్లో ఎవరో ఒకరు రెండు ప్రవేశ పత్రాలు పట్టుకొని వస్తారు. "మేడమ్, ఏది మంచి యూనివర్సిటీ?" అంటారు. ఒక ఏడాది కావలి నుంచి వచ్చిన అమ్మాయికి ఎమ్మెస్సీ గణితంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ అవకాశం వచ్చింది. ఆమెతో కలిసి కూర్చుని ఏ వరుసలో ఆలోచించామో అదే ఇక్కడ రాస్తున్నాను. మీ రెండు పేర్లు వేరైనా వరుస మారదు.

మొదటి మెట్టు: ప్రశ్నను చిన్నది చేయండి

"ఏ విశ్వవిద్యాలయం మంచిది" అన్నది పత్రికలు వేసుకునే ప్రశ్న. మీరు రెండేళ్లు గడిపేది ఒక విభాగంలో, ఒక హాస్టల్ గదిలో. పోల్చవలసింది ఆ రెండింటినే.

ర్యాంకుల సంగతి ముందే తేల్చేద్దాం. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితాలో బోధన వనరులకు 30, పరిశోధనకు 30, విద్యార్థుల ఫలితాలకు 20, అందరినీ కలుపుకోవడానికి 10, పేరుప్రతిష్ఠలకు 10 చొప్పున పాళ్లు వేస్తారు. అంటే మీరు చేరబోయే గణిత విభాగం సంగతి ఆ ఒక్క అంకెలో వందో వంతు కూడా ఉండకపోవచ్చు. రెండింటి మధ్య పది స్థానాల తేడా ఉంటే దాన్ని పక్కన పెట్టండి. వంద స్థానాల తేడా ఉంటే ఎందుకని ఆరా తీయండి.

ర్యాంకు చెప్పనిది ఇంకొకటి ఉంది. ఈ రెండూ ఒకే జాతి చెట్లు కావు. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టింది. ఒకప్పుడు మన జిల్లాల కాలేజీలు కూడా దాని గొడుగు కిందే ఉండేవి. ఇప్పటికీ పెద్ద సంఖ్యలో అనుబంధ కాలేజీలను నడుపుతూ, సొంత పీజీ విభాగాలను చేపాక్, మెరీనా, గిండీ, తరమణి ప్రాంగణాల్లో పెట్టుకుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో వచ్చింది. ప్రత్యేక ఆంధ్ర కోసం సాగిన జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకం ఫలితం అది. ఆ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డ రోజుల గురించి మా నాన్న ఇప్పటికీ చెబుతారు. ఈ విశ్వవిద్యాలయం మొదట ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇంట్లో నడిచి, తర్వాత గచ్చిబౌలిలో కేటాయించిన సుమారు 2,300 ఎకరాలకు తరలింది. అనుబంధ కాలేజీలు లేవు. ఎక్కువ మంది విద్యార్థులు లోపలే ఉంటారు. ఒకటి నగరంలో కలిసిపోయింది, రెండోది నగరం అంచున ఊరిలా వెలిసింది. చదువులోనూ స్నేహాల్లోనూ వచ్చే తేడాలు చాలావరకు ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

రెండో మెట్టు: విభాగాన్ని చదవండి

దీనికి రెండు సాయంత్రాలు, ఒక నోటు పుస్తకం చాలు. విశ్వవిద్యాలయం మొదటి పేజీలో కనిపించే నవ్వు ముఖాల ఫొటోలు దాటి నేరుగా మీ విభాగం పేజీకి వెళ్లండి.

ముందు అధ్యాపకుల జాబితా రాసుకోండి. శాశ్వత అధ్యాపకులు ఎందరు, అతిథి అధ్యాపకులు ఎందరు? ఖాళీలు ఈ రోజుల్లో ఎక్కడైనా ఉంటాయి. మీరు ఎంచుకోవాలనుకున్న ఐచ్ఛిక పాఠ్యాంశం చెప్పే మనిషి ఉన్నారా లేదా అన్నదే లెక్క. సిలబస్‌లో పదిహేను ఐచ్ఛికాలు అచ్చు వేసి, ఏటా మూడే నడిపే విభాగాలు ఉన్నాయి. "గత రెండు సెమిస్టర్లలో నిజంగా నడిచిన ఐచ్ఛికాలు ఏవి?" అని విభాగానికి ఈమెయిల్ రాయండి. జవాబు వస్తే మంచిది. రాకపోతే ఆ మౌనాన్ని కూడా పుస్తకంలో రాసుకోండి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పీజీకి ఒక ప్రసిద్ధ ఆచార్యుడి పేరు చూసి ఒక విశ్వవిద్యాలయంలో చేరాను. నేను చేరిన ఏడాదే ఆయన పదవీ విరమణ చేశారు. వీడ్కోలు సభలో కుర్చీలు వేయడమే ఆయన దగ్గర నేను చేసిన శిష్యరికం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఆచార్యుల విరమణ వయసు 65 ఏళ్లు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అక్కడి నియమాన్ని బట్టి ఉంటుంది. ఆచార్యుల బయోడేటాలో డిగ్రీ పూర్తిచేసిన సంవత్సరం చూస్తే వయసు ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. నాకు ఆ రోజుల్లో ఆ లెక్క చేయాలని తోచలేదు.

తర్వాత 'శోధ్‌గంగ' తెరవండి. దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను చేర్చే ఉచిత భాండాగారం ఇది. విశ్వవిద్యాలయం, విభాగం పేర్లతో వెతికితే గత అయిదేళ్లలో ఎన్ని గ్రంథాలు వచ్చాయో, ఏ అంశాల మీదో, ఎవరి పర్యవేక్షణలోనో కనిపిస్తుంది. పరిశోధన వైపు వెళ్లే ఉద్దేశం లేకపోయినా చూడండి. పరిశోధకులు తిరిగే విభాగంలో ఎమ్మెస్సీ పిల్లలకు సందేహం అడగడానికి సీనియర్లు దొరుకుతారు, సెమినార్లు వినడానికి దొరుకుతాయి.

కావలి అమ్మాయికి ఈ మెట్టు దగ్గర రెండూ సమంగానే వచ్చాయి. చేపాక్‌లో ఉన్న రామానుజన్ గణిత ఉన్నత అధ్యయన సంస్థ 1950లో మొదలైంది. రామానుజన్‌కు 1913లో పరిశోధక వేతనం ఇచ్చింది ఈ మద్రాసు విశ్వవిద్యాలయమే. ఆ పేరు చూసి ఆమె కళ్లు మెరిశాయి. హైదరాబాద్‌లో గణితమూ గణాంకశాస్త్రమూ ఒకే స్కూలు కింద ఉన్నాయి. ఆమెకు సంభావ్యత మీద ఇష్టం కాబట్టి అది అటువైపు బరువు. పేరులో ఉన్న చరిత్ర మనసుకు, నడిచే ఐచ్ఛికం చదువుకు. రెండింటినీ వేరువేరు గళ్లలో రాయించాను.

మూడో మెట్టు: సీటు కాగితాల మీద నిలుస్తుందా

ఇష్టాయిష్టాల కంటే ముందు సీటును తేల్చేసేది ధ్రువపత్రం. మన దగ్గర ఎక్కువ మంది జారిపడేది ఇక్కడే.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మే, ఎమ్మెస్సీ ప్రవేశాలకు దేశమంతటికీ ఉమ్మడిగా జరిగే ప్రవేశ పరీక్ష సీయూఈటీ-పీజీ రాయాలి. స్కోరు రాగానే సీటు వచ్చినట్టు కాదు. విశ్వవిద్యాలయం సొంత పోర్టల్‌లో విడిగా నమోదు చేసుకోవాలి. ఈ రెండో అడుగు తెలియక మంచి స్కోరుతో ఇంట్లో కూర్చున్న పిల్లలను చూశాను. అక్కడ కేంద్ర రిజర్వేషన్ వర్తిస్తుంది: ఎస్సీ 15 శాతం, ఎస్టీ 7.5, ఓబీసీ 27, ఆర్థికంగా వెనుకబడినవారికి (ఈడబ్ల్యూఎస్) 10. మన రాష్ట్రం ఇచ్చే బీసీ పత్రం అక్కడ చాలదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో కూడా ఉండాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఏ ఆర్థిక సంవత్సరానిదో చూస్తారు, పాతది పనికిరాదు. ఏప్రిల్ దాటగానే సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు సంతకం అయ్యేదాకా వెంటపడండి. జూన్‌లో మొదలుపెడితే ఆ కార్యాలయం మెట్ల మీద మీకు చాలామంది స్నేహితులు దొరుకుతారు.

తమిళనాడులో లెక్క వేరు. అక్కడ 69 శాతం రిజర్వేషన్ ఆ రాష్ట్రం వాళ్లకు. బయటి రాష్ట్రం వాళ్లను సాధారణంగా ఓపెన్ కోటాలోనే చూస్తారు. కాబట్టి మన బీసీ, ఎస్సీ విద్యార్థులు అక్కడ మార్కుల మీదే నిలబడాలి.

హైదరాబాద్ అనగానే కొందరు ఉస్మానియాను కూడా కలిపి మాట్లాడుతుంటారు. 2014 విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అన్నయ్య ఉస్మానియాలో చదివాడు కదా అని తమ్ముడు అదే లెక్క వేసుకోకూడదు. కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఈ చిక్కు లేదు, దానికి ప్రవేశాలు దేశమంతటికీ ఒకటే.

నాలుగో మెట్టు: డబ్బు

ఫీజు కంటే నెలవారీ ఖర్చు పెద్దది. హాస్టల్ దొరికితే ఎంత, దొరక్కపోతే బయట గది అద్దె ఎంత అని రెండు వరుసలు వేయండి. రెండో వరుస భరించలేనిదైతే హాస్టల్ ఖాయమయ్యేదాకా ఆ సీటు మీది కాదనుకోండి. మన రాష్ట్రపు ఫీజు రీయింబర్స్‌మెంట్ బయటి రాష్ట్రంలో చేరినా వస్తుందని నమ్మి లెక్క వేయకండి. రాతపూర్వకంగా తెలుసుకున్నాకే కలపండి. బ్యాంకు అప్పు అవసరమైతే 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం చూడండి. అర్హత ఉన్న సంస్థల్లో చేరితే హామీదారు, తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. 8 లక్షల లోపు వార్షికాదాయం ఉన్న కుటుంబాలకు 10 లక్షల రుణం వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది.

అయిదో మెట్టు: ఒక మంగళవారం వెళ్లి రండి

ఫోన్లో చూసిన వీడియోలు చాలవు. రెండు చోట్లకూ వెళ్లిరావాలి, అదీ పనిదినాన. ఆదివారం క్యాంపస్ పెళ్లి అయిపోయిన పందిరిలా ఉంటుంది. వేసవి సెలవుల్లో అయితే మరీ. వీలైతే ఆఖరి సెమిస్టర్‌లో ఉండగానే ఒకసారి చుట్టి రండి. కుదరకపోతే తరగతులు మొదలైన మొదటి వారంలో వెళ్లండి.

చెన్నై తేలిక. చేపాక్ రైల్వే స్టేషన్ నుంచి విశ్వవిద్యాలయం నడక దూరం. పక్కనే క్రికెట్ మైదానం, ఎదురుగా మెరీనా సముద్రం. సెనేట్ హౌస్ చూసి అక్కడే ఆగిపోకండి. వాస్తుశిల్పి చిషోమ్ కట్టిన ఆ పాత భవనం ముందు అందరూ ఫొటో దిగుతారు, అందులో మీ తరగతులు జరగవు. మీ విభాగం గిండీలో ఉంటే గిండీకే వెళ్లాలి. ఉదయం తొమ్మిదిన్నరకు, సాయంత్రం అయిదున్నరకు హాస్టల్ నుంచి తరగతి దాకా ఒకసారి ప్రయాణం చేసి చూడండి. రోజూ పోయే సమయం అదే.

గచ్చిబౌలికి ఒక రాత్రి ప్రయాణం, ఆ పైన నగరం దాటాలి. మెట్రో ఆ గేటు దాకా పోదు. నీలి గీత రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కడి నుంచి బస్సో ఆటోనో. లోపలికి అడుగు పెట్టాక మరో లోకం. బండలు, చెరువులు, నెమళ్లు, సైకిళ్లు. మధ్యాహ్నం ఎండలో హాస్టల్ నుంచి విభాగానికి నడిస్తే దూరం ఎంతో కాళ్లకు తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్లినా నాలుగు చోట్ల కూర్చోండి. విభాగం నోటీసు బోర్డు ముందు: చివరి సెమినార్ కాగితం మీద తేదీ ఏమిటి? నిరుటి కాగితమే గాలికి ఊగుతుంటే అర్థమైపోతుంది. గ్రంథాలయంలో: రాత్రి ఎంతవరకు తెరిచి ఉంటుంది, పరీక్షలు లేని రోజున ఎందరు కూర్చున్నారు? మెస్‌లో: ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు? మన పిల్లలు నెల్లూరు సన్నబియ్యానికి, చేపల పులుసుకు అలవాటుపడ్డ వాళ్లు. చెన్నైలో చాలాచోట్ల ఉప్పుడు బియ్యం అన్నం పెడతారు. రెండు వారాల్లో సర్దుకుంటారు కానీ మొదటి రోజు ముఖం చూడాలి. నాలుగోది అమ్మాయిలకు ముఖ్యం: చీకటి పడ్డాక బస్టాపు నుంచి హాస్టల్ గేటు దాకా దారి.

సీనియర్లను "ఎలా ఉంది?" అని అడగకండి, "బాగుంది" అంటారు. లెక్కకు వచ్చేవి అడగండి. నిన్న సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడున్నారు? పోయిన వారం ఎన్ని తరగతులు జరగలేదు? జ్వరం వస్తే మొదట ఎవరికి చెప్పారు? మార్కుల మీద అభ్యంతరం ఉంటే ఏం చేస్తారు? ఆఖరి ప్రశ్నకు నవ్వి ఊరుకుంటే అదీ జవాబే. తెలుగు వాళ్లనే కాకుండా కేరళ, ఒడిశా, ఉత్తరాది పిల్లల్లో ఒకరినైనా అడగండి. బయటివాడికి ఎలా ఉందో బయటివాడే చెప్పగలడు, చెన్నైలో మీరు బయటివాళ్లే.

ఆరో మెట్టు: సాయంత్రం అయిదు తర్వాత

స్నేహాలు, సరదాలు అనగానే తల్లిదండ్రులు ముఖం ముడుచుకుంటారు. నేను మాత్రం సగం బరువు ఇక్కడే వేస్తాను.

మన పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్లు గేటు లోపల, గంట కొడితే లేచి గంట కొడితే పడుకుని గడిపినవాళ్లు. నెల్లూరు, ఒంగోలు ఆ తరహా చదువుకు పెట్టింది పేరు. డిగ్రీ మూడేళ్లు ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి బస్సు. తమ సాయంత్రాన్ని తాము నిర్ణయించుకోవడం వాళ్లకు ఎప్పుడూ రాలేదు. పెద్ద నగరానికి వెళ్లగానే ఒకేసారి అయిదు గంటల ఖాళీ సమయం చేతిలో పడుతుంది. కొందరు దాన్ని ఫోనుకు అప్పగించి గదిలో మగ్గుతారు. చదువు కుంటుపడేది కూడా అక్కడే, సిలబస్ కష్టమయ్యేది తర్వాతి సంగతి.

కాబట్టి మీ స్వభావాన్ని నిజాయితీగా చూసుకోండి. మీ అంతట మీరు కొత్తవాళ్ల దగ్గరకు వెళ్లి మాట్లాడగలరా, ఎవరైనా వచ్చి పలకరించాలా? గచ్చిబౌలి లాంటి నివాస క్యాంపస్‌లో పలకరింపు దానంతట అదే జరుగుతుంది. ఒకే మెస్, ఒకే టీ కొట్టు, ఒకే దారి. తొలి ఏడాది పిల్లవాడు అస్సాం నుంచి వచ్చిన రూమ్మేటుతో హిందీలోనో ఇంగ్లిషులోనో తంటాలు పడుతూనే మనిషి అవుతాడు. విద్యార్థి సంఘం ఎన్నికలు, రాత్రి దాకా సాగే వాదనలు, నాటకాలు, 'సుకూన్' ఉత్సవం అన్నీ గోడ లోపలే. చిక్కు కూడా అక్కడే ఉంది. లోపలే అన్నీ దొరకడం వల్ల నగరంలో రెండేళ్లుండి నగరాన్ని చూడనివాళ్లు ఉన్నారు. రాజకీయాల వేడి కొందరికి ఊపిరి, కొందరికి ఊపిరాడనితనం. తెలుగువాళ్లు తెలుగువాళ్లతోనే తిరిగే ప్రమాదం కూడా హైదరాబాద్‌లోనే ఎక్కువ.

చెన్నైలో నగరమే మీ క్యాంపస్. మధ్యాహ్నం తరగతి అయిపోతే ఎగ్మూరులో 1896 నాటి కన్నెమరా గ్రంథాలయం ఉంది, కొట్టూర్‌పురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది. డిసెంబరులో మార్గళి మాసపు సంగీత కచేరీలు, వాటిలో ఉచితంగా వినగలిగేవీ చాలా ఉంటాయి. జనవరిలో పుస్తకాల పండుగ. రోజూ సముద్రం. ఇవన్నీ మీరు వెతుక్కుని వెళ్లాలి, ఎవరూ తలుపు తట్టి పిలవరు. తెలుగుకు అక్కడ లోటు లేదు. మెరీనా ప్రాంగణంలో తెలుగు శాఖ ఉంది. మన నెల్లూరు జిల్లాకు పేరిచ్చిన పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు దీక్ష చేసి ప్రాణం విడిచింది కూడా ఆ ఊళ్లోనే. అయినా బస్సు కండక్టరుతోనూ మెస్ మాస్టరుతోనూ తమిళం మాట్లాడాలి. చేరకముందే రెండు నెలలు తమిళ అక్షరాలు నేర్చుకుంటే బస్సు బోర్డు చదవగలరు. ఆ ధైర్యం వేరు.

ర్యాగింగ్ భయం ఉంటే జాతీయ సహాయ సంఖ్య 1800-180-5522 ఫోనులో వేసుకోండి. ప్రతి విశ్వవిద్యాలయంలో లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల పేర్లు వెబ్‌సైట్లో ఉన్నాయో లేదో చూడండి.

ఏడో మెట్టు: ఇంట్లో మాట

"దగ్గరగా ఉంటే మంచిది" అని అమ్మ అంటే అందులో రెండు మాటలు కలిసి ఉంటాయి: నీ క్షేమం, మా అవసరం. రెంటినీ విడదీసి మాట్లాడండి. క్షేమం సంగతికి మీ మంగళవారం నోట్సు జవాబు. ఇంటి అవసరం నిజమైనదైతే దాన్ని తక్కువ చేయకండి. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి తండ్రికి వారానికి మూడు రోజులు డయాలసిస్. వాడు చెన్నైనే ఎంచుకున్నాడు, మూడు గంటల్లో ఇల్లు చేరగలిగే చోటు అని. ర్యాంకులేవీ అడ్డు రాలేదు. అమ్మాయి అయితే దగ్గర, అబ్బాయి అయితే దూరం అనే లెక్కను మాత్రం నేను ఒప్పుకోను, ఆ మాట తల్లిదండ్రులతోనే అంటాను.

ఎనిమిదో మెట్టు: తేల్చి, కట్టి, చేరడం

ఒక కాగితం తీసుకొని, ఈ అక్టోబరులో ఒక మంగళవారం ఎలా గడుస్తుందో రెండు చోట్లకూ గంటగంటకూ రాయండి. నిద్ర లేవడం, స్నానానికి వరస, తరగతి, భోజనం ఎవరితో, సాయంత్రం ఎక్కడ, రాత్రి ఫోను ఎవరికి. ఎక్కడ పెన్ను ఆగిపోతుందో అక్కడ మీకు సమాచారం తక్కువన్నమాట, ఇంకో ఫోను చేయండి. కావలి అమ్మాయి చెన్నై కాగితంలో సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా "గది" అని ఒక్క మాట రాసింది. రాసి తనే నవ్వింది. "నన్ను ఎవరో ఒకరు బయటకు లాగాలి మేడమ్" అని హైదరాబాద్ ఖాయం చేసుకుంది. ఆమె స్నేహితురాలు అదే కాగితంలో చెన్నై సాయంత్రాలకు చోటు చాలక వెనక్కి తిప్పి రాసింది. ఆమె మద్రాసు వెళ్లింది.

తేలాక ఆలస్యం వద్దు. ఒకచోట ఫీజు కట్టి రెండోది మానుకునేటప్పుడు వాపసు నియమాలు చూడండి. యూజీసీ ఏటా గడువు తేదీలు ప్రకటిస్తుంది. 2024-25కు సెప్టెంబరు 30 లోపు మానుకుంటే మొత్తం ఫీజు తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఒరిజినల్ ధ్రువపత్రాలను సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని కూడా యూజీసీ 2016లోనే చెప్పింది. చూసి తిరిగి ఇచ్చేయాలి, మీరూ అడిగి తీసుకోండి. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ చేసినవాళ్లు కాకుటూరు నుంచి, ఒంగోలు వైపు వాళ్లు తమ డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం నుంచి మైగ్రేషన్ పత్రం తెచ్చుకోవాలి. ప్రొవిజినల్, మార్కుల జాబితా, టీసీ కాపీలు ఒక్కొక్కటి నాలుగేసి తీయించండి.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. హాస్టల్ గదిలో పెట్టె దించగానే కేలండర్ చూసి దసరా టికెట్ ఎప్పుడు తీసుకోవాలో ఫోనులో అలారం పెట్టుకోండి. చెన్నై వెళ్లినవాళ్లు ఏ బండి అయినా పట్టుకుని నిలబడి వచ్చేస్తారు. హైదరాబాద్ వెళ్లినవాళ్లకు ఆ రాత్రి సింహపురిలో బెర్తు దొరకడం కష్టం.